మరపడవలో బ్యాటరీ తీగల దారి

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు, అనగా అరువదియొక్క దినములు, తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదను నిషేధము అమలులో నుండును. ఆ దినములలో విశాఖపట్టణపు చేపలరేవునకు పోయి చూచినచో, సోనా, పాబ్లో, రొయ్య, సొర్రా యని పిలువబడు బోట్లు వరుసగా నిలిచియుండగా, ఒకదానికి రంగులు వేయుచు, ఒకదాని యింజను విప్పుచు, ఒకదాని పలకలసందులు పూడ్చుచు పనివారు తీరికలేక యుందురు. కంటికి కనబడు పనులన్నియు ముందుగా జరుగును. ఇంజనుగదిలో ఒక మూలను చెక్కపెట్టెలో నున్న బ్యాటరీల వంతు మాత్రము చిట్టచివర వచ్చును, కొన్ని బోట్లలో రానేరాదు. ఒడ్డు కనబడని చోట, రాత్రివేళ, దీపములకును, వైర్‌లెస్సునకును, జీపీయస్సునకును, ఫిష్‌ఫైండరునకును, తుదకు ఇంజను సెల్ఫునకును ఆ పెట్టెయే ఆధారమను సంగతి పెట్టె మూగవోయిన నాడు గాని జ్ఞప్తికి రాదు.

సముద్రమునకు దూరముగా నున్న రాజాంవానికి ఈ విచారమేల యని ఎవరైన అడుగవచ్చును. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజనతో మా ఊరు శ్రీకాకుళము నుండి విజయనగరము జిల్లాకు మారినది గాని, ఈ రెండు జిల్లాల తీరగ్రామముల మత్స్యకారులు తమ తీరమున పెద్ద రేవు లేకపోవుటచే విశాఖకును, గుజరాతులోని వేరావల్‌కును వలసపోయి పరుల బోట్లలో కలాసీలుగా, డ్రైవర్లుగా, సరంగులుగా బ్రతుకుట మారలేదు. మరియొక కారణము గలదు. రాజాంలో లారీలకును ట్రాక్టర్లకును సేవచేయు ఆటో ఎలక్ట్రీషియను చేతిలోని విద్యయు, రేవులో బోటు వైరింగు చూచువాని విద్యయు నొక్కటే. ఇచ్చట మట్టి పాడుచేయుదానిని అచ్చట ఉప్పు మరింత వేగముగా పాడుచేయును, అంతియే భేదము. ఈ విద్యను గూర్చి తెలుగులో వ్రాసినవారు అరుదు. గురువు ప్రక్కన కూర్చుండి, టార్చిలైటు పట్టుకొని, తిట్లు తినుచు నేర్చుకొనవలసినదిగనే అది నేటికిని మిగిలియున్నది.

మొదట బ్యాటరీ సంగతి. 1859లో ఫ్రెంచివాడగు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకికామ్లమున ముంచి, మరల మరల చార్జి చేయదగిన తొలి బ్యాటరీని నిర్మించెను. నేటి బోటులోని బరువైన నల్లని పెట్టెయు మూలమున అదియే. ఒక్కొక్క గది, అనగా సెల్లు, రెండు వోల్టులకు కొంచెము మించి యిచ్చును. ఆఱు సెల్లులు వరుసగా కలిసి, నిండుగా చార్జియై విశ్రాంతిగా నున్నపుడు 12.6 వోల్టుల వఱకు చూపును. 12.2కు దిగెనా, సగము ఖర్చయినట్లు, 11.8కి దిగెనా, ఇంచుమించు ఖాళీయైనట్లు. అంకెలలో భేదము కొంచెముగనే యుండుటచేత, దీపము వెలుగుచున్నది కదా యని బ్యాటరీ బాగున్నదనుకొనుట పొరపాటు.

ఒక్క బ్యాటరీ చాలనపుడు పలు బ్యాటరీలను కలిపి బ్యాంకు చేయుదురు. ఆ కలుపుటలో రెండు రీతులు గలవు. రాజాంకు సమీపమున, వంగర మండలములోని సంగం గ్రామమువద్ద నాగావళి, సువర్ణముఖి, వేగవతి నదులు కలియుచున్నవి. అచ్చట నీటి పరిమాణము పెరుగును గాని నదుల మట్టములు ఒకదానిపై నొకటి చేరి మూడింతలు కావు. ప్లస్సును ప్లస్సునకు, మైనస్సును మైనస్సునకు కలుపు సమాంతరపద్ధతి అట్టిది: వోల్టులు 12 గనే యుండును, ఆంపియర్-అవరులు మాత్రము కూడును. మొదటిదాని ప్లస్సును రెండవదాని మైనస్సునకు కలుపు వరుసపద్ధతిలో మట్టముపై మట్టము చేరి 24 వోల్టులగును, పరిమాణము పెరుగదు. పెద్ద ఇంజనుల సెల్ఫులు పెక్కు 24 వోల్టులవి గనుక, నాలుగు బ్యాటరీలున్న బోటులో రెండేసి చొప్పున వరుసగా కట్టి, ఆ రెండు జతలను మరల సమాంతరముగా కలుపుట సామాన్యము. ఒక్కొక్కటి 100 ఆంపియర్-అవరులదైనచో బ్యాంకు 24 వోల్టులు, 200 ఆంపియర్-అవరులది యగును. ఎట్లు కలిపినను దాచుకొన్న శక్తి మొత్తము మాఱదు.

ఇచ్చట పనితనము తెలిసినవారు పాటించు సూక్ష్మ మొకటి గలదు. రెండు జతలను కలిపిన తరువాత, ఇంజనుకు పోవు ప్లస్సు కేబులును మొదటి జతనుండియు, మైనస్సు కేబులును రెండవ జతనుండియు, అనగా ఐమూలగా, తీసికొనవలెను. రెండును మొదటి జతనుండియే తీసికొన్నచో, నడుమనున్న పట్టీల నిరోధము కొంచెమే యైనను, భారమంతయు ఎక్కువగా దగ్గరి జతపై బడి అది ముందుగా ముదుసలి యగును. పెట్టె మూత తీసినంతనే ఈ యొక్క విషయము చూచి, ఆ బోటు వైరింగు చేసినవాడు ఎంతటివాడో చెప్పవచ్చును.

ఇక తీగల దారి పట్టుట. ఒకరు నడిపి, మరియొకరు కొని, మూడవవారు మరమ్మతు చేయించిన బోటులో తీగలు ఏ రంగులో నుండవలెనో ఆ రంగులో నుండవు. ఎఱ్ఱతీగ అయిపోయిన నాడు నల్లతీగను ప్లస్సునకు వాడుదురు. ఇంటి వైరింగులో మిగిలిన పచ్చతీగ వైర్‌లెస్సునకు ప్రాణదాత యగును. కనుక రంగును నమ్మక, తీగ మొదలు పట్టుకొని తుదవఱకు పోవుటయే శరణ్యము. మొదట స్పానరును జేబులో పెట్టి, కాగితమును పెన్సిలును తీయవలెను. బ్యాటరీలను ఉన్నవి ఉన్నట్లుగా నాలుగు చతురస్రములుగా గీసి, ప్రతి టెర్మినలుకును గుర్తు వ్రాసి, ఆ టెర్మినలుపై ఎన్ని లగ్గులు ఒకదానిపై నొకటి యున్నవో లెక్కించి, ఒక్కొక్క తీగకు అంకె వేసి టేపు చుట్టవలెను. లావు తీగలు ముందు: రెండు బ్యాటరీలను కలుపు పొట్టి పట్టీ, సెల్ఫునకు పోవు కేబులు, ఇంజను ఒంటికి పోవు ఎర్తు. సన్నతీగలు తరువాత. ప్రతి తీగయు పోవుట యెంత ముఖ్యమో మరలి వచ్చుట యంతకంటె ముఖ్యము. ఇనుపలారీలో ఛాసీయే తిరుగుదారి యగును గాని, కొయ్యతోనో ఫైబరుతోనో చేసిన బోటు ఒళ్లు విద్యుత్తును మోయదు గనుక ప్రతి పరికరమునకును వేరుగా మైనస్సు తీగ మరలివచ్చి తీరవలెను. అనుభవము లేనివారు ప్లస్సునే వెదకుదురు. దోషములలో సగము మైనస్సు వైపున దాగియుండును.

బొమ్మ పూర్తియైన తరువాతనే మీటరు. మెయిన్ స్విచ్చి ఆపివేసినంతమాత్రమున అన్నియు చచ్చినవని భావింపరాదు. పడవ అడుగున చేరిన నీటిని తోడు పంపునకు, రాత్రి కావలి లేనపుడును పనిచేయుటకై, స్విచ్చితో సంబంధము లేక నేరుగా బ్యాటరీనుండి ఫ్యూజుతో తీగ పోవుట మంచి పద్ధతి. అది ఎప్పుడును సజీవమే. తీగ తెగినదో లేదో కూతతో చెప్పు పరీక్షను బ్యాటరీని విడదీసిన పిమ్మటనే చేయవలెను. విడదీయునపుడు మైనస్సు ముందు, ప్లస్సు తరువాత. తగిలించునపుడు ప్లస్సు ముందు, మైనస్సు తరువాత. మైనస్సు తొలగియుండగా ప్లస్సుపైని స్పానరు జారి ఇంజనుకు తగిలినను నిప్పు పుట్టదు. వ్రేలి ఉంగరము తీసి జేబులో వేసికొనుట ఈ పనిలో పిరికితనము గాదు.

ఈ విధముగా గీచిన బొమ్మలలో పదేపదే బయటపడు దోషము నొకదానిని వివరముగా చెప్పుట అవసరము. బ్యాంకు 24 వోల్టులది. వైర్‌లెస్సు, జీపీయస్సు 12 వోల్టులవి. తొందరపడిన ఎలక్ట్రీషియను, వరుసగా నున్న రెండు బ్యాటరీలలో మైనస్సు వైపుదానినుండి మాత్రము తీగ లాగి ఆ పరికరములకు తగిలించి, పని ముగిసినదని చేతులు కడుగుకొనును. పరికరములు బాగుగనే పనిచేయును. వైర్‌లెస్సు మ్రోగును, యజమాని సంతోషించును. కాని ఆ బ్యాటరీ ప్రక్కదానికంటె ప్రతిరాత్రియు ఎక్కువ ఖర్చగును. డైనమో చార్జి చేయునపుడు మొత్తమును మాత్రమే చూచును గాని ఏ బ్యాటరీ ఆకలితో నున్నదో ఎఱుగదు, 28.4 వోల్టులు రెండింటికి కలిపి ఇచ్చినపుడు సమముగా 14.2 చొప్పున పంచుకొనవలసినవి, ఒకటి 15 తీసికొని కుతకుత మరుగుచుండగా రెండవది 13.4తో సరిపెట్టుకొనును. కొన్ని నెలలకు నిండినదానిలో నీరు ఇగిరిపోవును, నిండనిదాని పలకలకు సల్ఫేటు పట్టును. రెండును చెడును, చెడిన కారణములు వేరు. యజమాని కంపెనీని నిందించి కొత్తవి కొనును. తీగ అచ్చటనే యుండును గనుక కొత్తవియు అదే దారి పట్టును. ఇరువదినాలుగును పండ్రెండుగా మార్చు కన్వర్టరు ఒకటి పెట్టి, దాని రెండు తీగలను మొత్తము బ్యాంకు కొనలకు తగిలించుటయే దీనికి మందు. దాని ఖరీదు ఒక బ్యాటరీ ఖరీదులో చిన్న భాగము.

మరియొక పరీక్ష, చవకైనది. మీటరు ఒక మొనను బ్యాటరీ సీసపు మొలకపైనను, రెండవ మొనను దానిని పట్టుకొన్న క్లాంపుపైనను ఉంచి, సెల్ఫు కొట్టుమనవలెను. రెండును ఒక్కటిగా నున్నట్లు కంటికి కనబడును; నిజముగా ఒక్కటైనచో మీటరు ఇంచుమించు సున్నా చూపును. అర వోల్టు చూపినచో, 300 ఆంపియర్లు లాగు సెల్ఫు విషయమున 150 వాట్ల వేడి ఆ క్లాంపులోనే వ్యర్థమగుచున్నదని అర్థము. విప్పి చూడగా సీసముపై తెల్లని పొడియు, రాగితీగ కొనపై ఆకుపచ్చని కిలుమును కనబడును. ఒక్కొక్కప్పుడు ఆ కిలుము తొడుగు లోపలికి జానెడు ప్రాకియుండును, అంత మేర కోసివేయక తప్పదు. వంటసోడా నీటితో కడిగి, ఆరబెట్టి, బిగించి, పైని వాసెలిన్ పూయుదురు. సోడానీరు సెల్లులలోనికి జారకుండ మూతలు బిగించి యుంచుట మఱువరాదు. అలాగే హైడ్రోమీటరుతో ఒక్కొక్క సెల్లులోని ఆమ్లపు సాపేక్షసాంద్రత చూచినపుడు మిగిలినవానికంటె 0.050 తక్కువగా నున్న సెల్లు ఒక్కటి యున్నను ఆ బ్యాటరీ బ్యాంకునంతను క్రిందికి లాగును. పాతదాని ప్రక్కన కొత్తది చేర్చరాదనుటకును కారణమిదియే.

ప్రమాదములను గూర్చి క్లుప్తముగా. చార్జి యగుచున్న బ్యాటరీ హైడ్రోజను విడుచును, పెట్టెకు గాలి దారి లేనిచో ఒక్క నిప్పురవ్వ చాలును. ఉప్పునీరు ఆమ్లములో కలిసినచో క్లోరిన్ విషవాయువు పుట్టును. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములో నుండవలెను, ఆవలి కొన నుండుట నిష్ప్రయోజనము. ఇంజను నడుచుచుండగా మెయిన్ స్విచ్చి త్రిప్పి ఆపినచో డైనమోలోని డయోడులు కాలిపోవును.

వల అల్లువానికిని, దోనె చెక్కువానికిని మన సాహిత్యము కొంత గౌరవమిచ్చినది. ఈ తీగల పనివానికి ఆ గౌరవము దక్కలేదు. ఇది కొత్త విద్య గదా, సంప్రదాయమెట్లగునని కొందరందురు. ఇరువది ముప్పది యేండ్లుగా గురువునుండి శిష్యునకు చేతిద్వారా, చెవిద్వారా దిగుచున్న విద్య సంప్రదాయము గాక మరేమి? విశాఖలోని సిఫ్‌నెట్ శిక్షణాలయము వంటివి ఇంజను డ్రైవర్లకు పాఠములు చెప్పుచున్నవి, రాజాంలోనే 1997 నుండి ఇంజనీరింగు కళాశాల నడుచుచున్నది. కాని పుస్తకపు బొమ్మలో తీగలు సరళరేఖలు, బోటులో తీగలు నూనెలో మునిగి మూడు మలుపులు తిరిగి ఒక పలకవెనుక మాయమగును. ఆ పలకవెనుకకు చేయి పోనిచ్చి, కొనను కొంచెము లాగి, ఆవలి కొన కదలినదా యని అడుగు ఓర్పును కళాశాల నేర్పలేదు. అట్లని పనివాని జ్ఞాపకమునే నమ్ముకొనుటయు సరిగాదు. అతడు వేరావల్ పోయిన నాడు బోటు జ్ఞానమును వెంట పోవును.

కావున బోటు యజమానులకు నా మనవి యొక్కటే. రానున్న నిషేధకాలములో రంగులకు పిలిచినట్లే ఎలక్ట్రీషియనును మూడు దినములు పిలిచి, బ్యాంకు బొమ్మను, తీగల అంకెలతో, ఫ్యూజుల ఆంపియర్లతో, బ్యాటరీలు కొన్న తేదీలతో తెలుగులో గీయించి, తడవకుండ ప్లాస్టిక్కు కవరులో పెట్టి సరంగు గదిలో మేకుకు తగిలించుడు; జూన్ 14 రాత్రి బోటు కదలక మునుపు డ్రైవరు దానిని చదువగలుగునో లేదో అతనిచేత చదివించి చూడుడు.