యుద్ధకథలలో సామాన్య సైనికుడు

మన సాహిత్యమునకు యుద్ధము క్రొత్త వస్తువు కాదు. భారతములో పదునెనిమిది అక్షౌహిణులు కూలినవి. అందు కవి మనచేత కన్నీరు పెట్టించినది ఎందఱి కొఱకు? తక్కినవారు సంఖ్య మాత్రమే. స్త్రీపర్వమందును మనకు ప్రధానముగ వినబడునది రాజాంతఃపురముల యేడ్పు. ఇది ప్రాచీనకావ్యమునకు దోషమని మేమనము; దాని నియమము వేఱు. కాని నవల సామాన్యుని జీవితము చెప్పుటకే పుట్టినదని మనము గొప్పగా చెప్పుకొందుము. అందును బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి' మొదలు తెన్నేటి సూరిగారి 'చెంఘిజ్‌ఖాన్' వఱకు మనకు ప్రియమైన చారిత్రక నవలలలో నాయకుల ముఖములే కన్పట్టును. సేన వారి గుఱ్ఱముల వెనుక లేచు ధూళివలె నుండును. పల్నాటి వీరకథ కొంత మేలు. మాల కన్నమదాసును వీరుల పంక్తిలో నిలిపినది. అయినను అతడును వీరుడే గాని జీతపు బంటు కాడు.

జర్మను రచయిత రెమార్కు 1929లో గ్రంథముగా ప్రకటించిన పశ్చిమరంగపు నవల అన్నముతో మొదలగును. 150 మందికి వంట చేసిరి. తిరిగివచ్చినవారు 80 మంది. కావున నేడు ఒక్కొక్కనికి రెండు పాళ్లు. బ్రదికినవారు సంతోషముగ తినెదరు. రచయిత ఒక్క నిట్టూర్పును విడువడు. పిదప కాలు పోయిన బాలుడు ఆసుపత్రిలో చచ్చుచుండగా స్నేహితుడు అతని మంచి బూట్లపై కన్ను వేయును. ఇది క్రౌర్యమని తొందరపడి అనుకొందుము, కాదు. బూట్లు చచ్చువానికి పనికిరావు, నడచువానికి ప్రాణాధారము.

ఉపాధ్యాయులమగుటచేత కాబోలు, మమ్ము మిక్కిలి కలచినది అందలి బడిపంతులు. కాంటోరెక్కు అను నాతడు తరగతిలో దేశభక్తి నుపన్యసించి పిల్లలను వరుసగ సైన్యమున చేర్చును. వారిలో వెనుదీసినవాడే మొదట చచ్చును. ఆ పంతులు దుర్మార్గుడు కాడు. తాను నమ్మినదే చెప్పినాడు. భయము కలుగునది అందుచేతనే.

మన దేశపు సిపాయి కథలలో హిందీలో గులేరీ 1915లో ప్రకటించిన 'ఉస్‌నే కహా థా' ముందు చెప్పదగినది. చిన్ననాడు అమృతసరము బజారులో చూచిన బాలిక, సుబేదారు భార్యయై కోరిన మాటకొఱకు లహనాసింగు ఫ్రాన్సు కందకములో ప్రాణమిచ్చును. కథ మధురము, ఆ మాధుర్యమే యుద్ధమును కొంత కప్పివేయును. చావునకు ప్రేమ కారణమైనచో చదువరికి ఓదార్పు దొరకును. ముల్కురాజ్ ఆనంద్ ఇంగ్లీషున వ్రాసిన 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' ఆ ఓదార్పు నీయదు. అందలి లాలూ పంజాబు రైతుబిడ్డ. అతని మనస్సు చక్రవర్తిపై లేదు, పొలముపై నున్నది. ఆనాడు సిపాయి నెలజీతము 11 రూపాయలు. మొదటి ప్రపంచయుద్ధములో పది లక్షలకు మించి భారతీయులు సముద్రము దాటిరి. 74 వేలకు పైగా మరణించిరి. నడుమ నడుమ లాలూ నోట రచయితయే మాటలాడుట లోపమైనను, జీతము లెక్కించుకొను సిపాయి ఈ పుస్తకమున మనకు దొరకును.

మఱి తెలుగువాడు సిపాయి కాడా? కంపెనీ కాలమున ఉత్తరదేశమున సిపాయికి 'తిలంగా' అనియే పేరు. మా పాకాలకు ఎంతో దూరము గాని, చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరున హైదరాలీ దండు విడిసియుండగా మరణించెను. ఆ మరణము చరిత్రకెక్కినది. ఆ దండులో మూటలు మోసినవారు కథకైన నెక్కలేదు. 19వ శతాబ్దాంతమున దొరలు 'యుద్ధజాతుల' సిద్ధాంతము పెట్టి తెలుగువారిని పదాతిదళమున తగ్గించిరి. ఆ సిద్ధాంతమును మనము తిట్టితిమి గాని, మన నవలాకారులు దానిని పాటించినట్లే యున్నది.

2015లో క్రిష్ తీసిన 'కంచె' చిత్రము తెలుగు సైనికుని ఇటలీ రంగమున నిలిపి, ఊరి కులపు కంచెను రాజ్యముల కంచెను ప్రక్కప్రక్కన చూపినది. మెచ్చదగిన ఊహ. కాని అందును కథానాయకుడు సాహసి, ప్రేమికుడు; మామూలు జవాను ప్రక్కకే ఒదిగినాడు.

2022లో వచ్చిన అగ్నిపథము కొలువును నాలుగేండ్లకు కుదించి, పిదప నలుగురిలో ఒక్కనికి మించి నిలుపుకొనబోమని చెప్పినది. తక్కిన మువ్వురు పెన్షను లేక ఇంటికి వచ్చి ఏమి చేయుదురు? అట్టివాని భార్య అంగడివానికి ఏమి చెప్పి బియ్యము తెచ్చును? తుపాకి మ్రోగు ఘట్టము లేకున్నను ఇది యుద్ధనవలయే. మా వద్ద చదివిన పిల్లలు కొందఱు సైన్యపు ఎంపికకై వేకువనే చెఱువుకట్టపై పరుగెత్తుచుందురు. వారి చేతిలో పెట్టుటకు మాకొక తెలుగు పుస్తకము కావలెను. కాంటోరెక్కు ఉపన్యాసములు ఇప్పటికే చాలినన్ని గలవు.