బీజగణితములో అక్షరము వస్తువా, సంఖ్యయా?

బీజగణితమును క్రొత్తగా నేర్పు పుస్తకములలో ఒక అలవాటు పాతుకొనిపోయినది. మామిడిపండ్లకు ‘మ’, జామపండ్లకు ‘జ’ అని పెట్టి, 3మ + 2జ అనగా మూడు మామిడిపండ్లు, రెండు జామపండ్లు అని చెప్పుదురు. సజాతి పదములను కూడునంతవరకు ఇది చక్కగనే సాగును. మూడు మామిడిపండ్లకు రెండు చేర్చిన ఐదు; కావున 3మ + 2మ = 5మ. పిల్లలు వెంటనే ఒప్పుకొందురు. ఆ సులువును చూచియే ఈ పద్ధతిని విడువలేకున్నారు కాబోలు. కాని ‘మజ’ అను లబ్ధము వచ్చిననాడు ఏమి చెప్పుదురు? మామిడిపండును జామపండుచే గుణించుట ఎట్లు?

నిజమునకు ‘మ’ పండు కాదు, సంఖ్య. ఒక మామిడిపండు వెల ‘మ’ రూపాయలు, జామపండు వెల ‘జ’ రూపాయలు అనుకొన్నచో 3మ + 2జ మొత్తము వెల యగును. మ = 20, జ = 8 అయినపుడు దాని విలువ 60 + 16, అనగా 76. బుట్టలో ఐదు పండ్లనే చూచుచున్న పిల్లవానికి ఈ 76 ఎక్కడిదో తోచదు.

ఇంతకంటె లోతైన చిక్కు కొలతలలో గలదు. ‘1 మీ. = 100 సెం.మీ.’ అని అంకగణితములో కంఠస్థము చేసియుందురు. అక్కడ ‘మీ.’ అనునది ప్రమాణము పేరునకు పొట్టిరూపు మాత్రమే. ఇపుడొక గుడ్డ పొడవు మీటర్లలో ‘మ’, సెంటీమీటర్లలో ‘స’ అనుకొని, ఆ రెంటి సంబంధమును వ్రాయుమనుడు. పాత వాక్యమునే తలచుకొని మ = 100స అని వ్రాయువారు పెక్కుమంది. గుడ్డ 3 మీటర్లయినచో మ = 3, స = 300; ప్రతిక్షేపించిన 3 = 30,000 అని తేలును! సరియైనది స = 100మ.

ఇది చిన్నపిల్లల పొరపాటని తోసివేయరాదు. ఆచార్యులకు 6 రెట్లు విద్యార్థులున్నారను వాక్యమును సమీకరణముగా వ్రాయుమని అమెరికాలో ఇంజనీరింగు మొదటి సంవత్సరపు విద్యార్థులను అడిగిరి. జాన్ క్లెమెంట్ 1982లో ప్రకటించిన వ్యాసము ప్రకారము మూడవవంతుకు మించి తప్పు వ్రాసిరి. ఆ తప్పులలో ఎక్కువ భాగము గుణకమును తారుమారు చేసినవే. విద్యార్థుల సంఖ్య ‘వ’, ఆచార్యుల సంఖ్య ‘ఆ’ అయినచో వ = 6ఆ అనుటకు బదులు 6వ = ఆ అనిరన్నమాట.

ఈ విషయమున మన పూర్వుల పేర్లు మెరుగు. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన ‘బీజగణితము’లో మొదటి అవ్యక్తరాశిని ‘యావత్తావత్తు’ అనెను. అనగా ‘ఎంతయో అంత’. తక్కినవాటికి కాళకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లు. మనము 3మ + 5 అని వ్రాయుదానిని ‘యా 3 రూ 5’ అని వ్రాసెడివారు. (‘రూ’ అనగా రూపము, తెలిసిన సంఖ్యకు గుర్తు, రూపాయి కాదు.) లెక్కలోని సరుకు పేరు అక్షరమునకు అంటకుండుట ఇందలి లాభము.

పుస్తకకర్తలు సమాసములను వ్రాయుట ఒక అభ్యాసములోను, విలువ కట్టుట వేరొక అభ్యాసములోను పెట్టుట నాకు సరిగా తోచదు. గుడ్డ లెక్కలో తప్పును బయటపెట్టినది విలువ కట్టుటయే గదా! వ్రాసిన ప్రతి సమాసము క్రిందనే రెండు సంఖ్యలనిచ్చి విలువ కట్టించినచో, విద్యార్థి తన తప్పును తానే పట్టుకొనును. మ = 4 అయినపుడు 3మ విలువ 34 అని వ్రాయువారును గలరు. వారికొరకైనను కొన్ని వారములు 3 × మ అనియే వ్రాయింపవలెను. గుణకార చిహ్నమును మొదటి పుటలోనే తీసివేయుటకు అంత తొందర యేల?