మండని వాయువు, మండే కారు

నైట్రస్ ఆక్సైడ్ మండే వాయువు కాదు. వెలిగించిన అగ్గిపుల్ల దగ్గరికి తెచ్చినా అంటుకోదు. ఇంకో పదార్థం మండటానికి కావలసిన ఆక్సిజన్‌ను అందించడమే దాని పని. డ్రాగ్ రేసర్లు వాడుకునేది ఈ గుణాన్నే. వాళ్ల కార్లు తగలబడటానికి మూలం కూడా ఇందులోనే ఉంది.

డ్రాగ్ రేసు నియమం చాలా సులువు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే తిన్నని దారిలో పావు మైలు, అంటే 402 మీటర్లు, ఏది ముందు దాటితే అది గెలిచినట్టు. చాలా పోటీల్లో ఇందులో సగం దూరమే పరిగెత్తిస్తారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు ఎండిన సరస్సుల మీద, వాడకంలో లేని రన్‌వేల మీద, రాత్రిపూట ఊరి వీధుల్లో ఈ పందేలు వేసుకునేవారు. వీధుల్లో ప్రాణాలు పోతున్నాయని గమనించి, పందేలను హద్దులున్న మైదానాలకు మళ్లించాలన్న పట్టుదలతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను (ఎన్‌హెచ్‌ఆర్‌ఏ) స్థాపించాడు. 1953లో పొమోనాలో దాని తొలి పోటీ జరిగింది. మరుసటి ఏడాది 'డ్రాగ్ సఫారీ' పేరుతో ఒక చిన్న బృందం ఊరూరా తిరిగి, పోటీ ఎలా నడపాలో, కారును ఎలా తనిఖీ చేయాలో స్థానిక క్లబ్బులకు నేర్పింది. నేటి పోటీల్లో మంటలార్పే దళం 'సేఫ్టీ సఫారీ'కి పూర్వరూపం అదే.

ఇంజిన్ శక్తికి హద్దు గీసేది పెట్రోలు కాదు, గాలి. పెట్రోలును పంపు ఎంతైనా పోయగలదు. దాన్ని కాల్చడానికి తగినంత ఆక్సిజన్ సిలిండర్‌లోకి రావడమే కష్టం. గాలి బరువులో ఆక్సిజన్ సుమారు 23 శాతమైతే, నైట్రస్ ఆక్సైడ్‌లో అది 36 శాతం. సిలిండర్ లోపలి వేడికి, దాదాపు 570 డిగ్రీల సెల్సియస్ దాటాక, ఈ వాయువు నైట్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. విడిపోతూ తాను కూడా కొంత వేడిని విడుదల చేస్తుంది. ఇంకో లాభమూ ఉంది. బాటిల్‌లో ద్రవంగా ఉన్న నైట్రస్ బయటికి రాగానే సున్నాకు 88 డిగ్రీల కిందే మరిగి ఆవిరైపోతుంది, చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే చోటులో ఎక్కువ పడుతుంది. మీట నొక్కిన క్షణంలో వంద, రెండు వందల హార్స్‌పవర్ అదనంగా రావడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

నైట్రోమీథేన్‌తో దీన్ని కలిపి చెప్పడం చాలామంది చేసే పొరపాటు. నైట్రోమీథేన్ ఇంధనం. టాప్ ఫ్యూయెల్, ఫనీ కార్ తరగతుల వాహనాలు పెట్రోలుకు బదులు కాల్చేది దాన్నే. నైట్రస్ అలా కాదు. దానికి తోడు ఇంధనం ఉండి తీరాలి, అదీ సరైన పాళ్లలో. ఈ పాళ్ల లెక్క దగ్గరే నేర్పూ ప్రమాదమూ రెండూ ఉన్నాయి.

జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లో తయారుచేసిన ఈ వాయువును పంతొమ్మిదో శతాబ్దంలో పళ్లు పీకేటప్పుడు మత్తుకు వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం, గాలి పలచబడే ఎత్తుల్లో విమానాల శక్తి తగ్గకుండా జీఎం-1 అనే ఏర్పాటుతో ఇంజిన్లలోకి చిమ్మింది. కార్ల పందేల్లోకి ఇది మొదట దొంగచాటుగా వచ్చింది. 1976 డేటోనా 500 అర్హత పరుగుల్లో ఎ.జె. ఫోయిట్, డారెల్ వాల్ట్‌రిప్ నైట్రస్ వాడారని తేల్చి, వాళ్ల వేగాలను పోటీ నిర్వాహక సంస్థ నాస్కార్ రద్దు చేసింది. రెండేళ్లకు, 1978లో, మైక్ థర్మోస్, డేల్ వజ్నేయన్ కలిసి నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ సంస్థను పెట్టి, ఎవరైనా కొని బిగించుకోగల కిట్లను అమ్మసాగారు. సూపర్‌చార్జర్, టర్బోల ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చవక. సొంత షెడ్డులో కారు విప్పి బిగించుకునే మెకానిక్ కూడా పోటీలో నిలబడగలిగాడంటే ఈ చవకతనమే కారణం. ఈ సంప్రదాయానికున్న అసలు విలువ కూడా అదే. ఈనాడు ప్రో మాడ్ తరగతిలో పెద్ద నైట్రస్ కార్లు పావు మైలును ఆరు సెకన్లలోపు ముగిస్తూ, గంటకు 390 కిలోమీటర్ల వేగం దాటుతున్నాయి.

ఏర్పాటులో భాగాలు కొద్దివే. బాటిల్, అందులోంచి ముందుకు వచ్చే లైను, విద్యుత్తుతో తెరుచుకునే సోలినాయిడ్ కవాటం, చివర సన్నని రంధ్రమున్న జెట్. జెట్ రంధ్రం ఎంతుంటే అంత వాయువు వెళ్తుంది. డ్రై పద్ధతిలో నైట్రస్ ఒక్కటే చిమ్ముతారు, అదనపు పెట్రోలును ఇంజిన్ సొంత ఇంజెక్టర్లే పోస్తాయి. వెట్ పద్ధతిలో రెండూ ఒకే నాజిల్ నుంచి కలిసి వస్తాయి. డైరెక్ట్ పోర్ట్ పద్ధతిలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో నాజిల్ ఉంటుంది. పని ఎక్కువ, పైపులు ఎక్కువ. అయినా ప్రతి సిలిండర్ పాళ్లను విడిగా సరిచేసుకోవచ్చు గనుక పెద్ద కార్లలో ఇదే కనిపిస్తుంది.

మంటకు దారితీసే వాటిలో అన్నిటికన్నా హఠాత్తుగా జరిగేది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పేలుడు. రేసర్లు దీన్ని నైట్రస్ బ్యాక్‌ఫైర్ అంటారు. మానిఫోల్డ్ అంటే గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల పెట్టె. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు వెట్ పద్ధతిలో నైట్రస్ చిమ్మితే, గాలి వేగం చాలక పెట్రోలు చుక్కలు గోడలకు పట్టి అడుగున మడుగు కడతాయి. సరిగ్గా మూసుకోని ఒక కవాటం గుండా, లేదా వేళ తప్పిన ఒక స్పార్కు వల్ల, సిలిండర్‌లోని మంట వెనక్కి వస్తే ఆ పెట్టె మొత్తం ఒక్కసారిగా అంటుకుంటుంది. మామూలు గాలి అయితే ఒక చప్పుడుతో పోయేది. నైట్రస్ ఉంటే మానిఫోల్డ్ చీలిపోతుంది, కార్బురెటర్ ఎగిరిపడుతుంది, బానెట్ ఊడిపోతుంది. అయితే కారును కాల్చేది ఆ పేలుడు కాదు. అది క్షణంలో ముగుస్తుంది. పేలుడుకు తెగిన లైనులోంచి పంపు ఇంకా పోస్తూనే ఉన్న పెట్రోలు ఇంజిన్ పొగను బయటికి పంపే, ఎర్రగా కాగిన హెడర్ పైపుల మీద పడుతుంది. కారు కాలేది దానితోనే.

బ్యాక్‌ఫైర్‌కు దారితీసే సందర్భాలను రేసర్లు అనుభవం మీద ఒక్కొక్కటిగా గుర్తించి, ఒక్కొక్కదానికి ఒక్కో అడ్డు కట్టారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే తప్ప నైట్రస్ రాకుండా థ్రాటిల్ దగ్గర ఒక స్విచ్ పెడతారు. కారు అదుపు తప్పిందని డ్రైవర్ కాలు తీసిన మరుక్షణం చిమ్మడం ఆగాలి, లేకపోతే మూసుకున్న థ్రాటిల్ వెనక మిశ్రమం పోగవుతుంది. ఇంజిన్ వేగం ఒక హద్దు పైన, ఇంకో హద్దు కింద ఉన్నప్పుడే సోలినాయిడ్‌కు కరెంటు ఇచ్చేది విండో స్విచ్. కింది హద్దు మడుగు కట్టకుండా కాపాడుతుంది. పై హద్దు వెనక కారణం కొత్తవాళ్లకు వెంటనే తట్టదు. రెవ్ లిమిటర్ ఇంజిన్‌ను ఆపడానికి స్పార్కును కోసేస్తుంది. స్పార్కు లేని ఆ కొద్ది క్షణాల్లో కాలని మిశ్రమం పేరుకుంటుంది, తరవాతి స్పార్కు దాన్ని పేలుస్తుంది. కాబట్టి లిమిటర్ హద్దు రాకముందే నైట్రస్ ఆగిపోవాలి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు కారిన సోలినాయిడ్ మరీ మోసకారి. మానిఫోల్డ్‌లో నైట్రస్సో పెట్రోలో నిండి ఉందని ఎవరికీ తెలియదు, స్టార్ట్ చేసిన క్షణాన పేలుతుంది. అందుకే జాగరూకులైన జట్లు పరుగుకు పరుగుకు మధ్య బాటిల్ మూసేస్తాయి, అనుమానం వస్తే ఇగ్నిషన్ ఆపి ఇంజిన్‌ను ఊరికే తిప్పి ఖాళీ చేస్తాయి.

రెండో దారి నిదానంగా వస్తుంది. సిద్ధాంతం ప్రకారం కిలో పెట్రోలుకు సుమారు తొమ్మిదిన్నర కిలోల నైట్రస్ సరిపోతుంది. పంపు బలహీనపడినా, ఫిల్టర్‌లో నలక పడినా పెట్రోలు తగ్గుతుంది, నైట్రస్ మాత్రం అలాగే వస్తుంది. అప్పుడు సిలిండర్‌లో వేడి అమాంతం పెరుగుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పిస్టన్ తలలో రంధ్రం పడుతుంది, లేదా రింగుల మధ్య గట్టు విరుగుతుంది. మండుతున్న వాయువులు కిందికి దూరి ఆయిల్‌ను బయటికి తోసేస్తాయి. ఒక్కోసారి విరిగిన కనెక్టింగ్ రాడ్ బ్లాకును చీల్చుకొని బయటపడుతుంది. ఆయిల్ హెడర్ల మీద పడితే మంట, వెనక చక్రాల కిందికి పోతే కారు అదుపు తప్పడం. రెండూ కలిసి రావడమూ ఉంది.

దీనికి మందు లెక్కలో ఉంది. పెట్రోలు ఒత్తిడి తగ్గగానే నైట్రస్‌ను ఆపే ప్రెషర్ స్విచ్ చవకైన వస్తువే, అది లేని కిట్ కొనకపోవడమే మేలు. నైట్రస్ కలిసిన మిశ్రమం త్వరగా కాలుతుంది కనుక స్పార్కును ఆలస్యం చేయాలి. ప్రతి 50 హార్స్‌పవర్‌కు రెండు డిగ్రీలన్నది పాత వాడుక. పరుగు ముగిశాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడటం ఈ విద్యలో అన్నిటికన్నా సూక్ష్మమైనది. ప్లగ్ తెల్లని పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే పిస్టన్ లోహం కరగడం మొదలైందని అర్థం. అనుభవమున్న ట్యూనర్ ఆ చుక్కలు చూసి మరో పరుగుకు ఒప్పుకోడు. ఇప్పుడు ఒక్కో సిలిండర్ పొగ వేడిని నమోదు చేసే డేటా లాగర్లు వచ్చినా ప్లగ్ చదవడం పోలేదు, పోకూడదు కూడా. వేగమైన తరగతుల్లో ఇంజిన్ అడుగున ఒలికిన ఆయిల్‌ను పట్టే గుడ్డ సంచి తప్పనిసరి. దాన్ని 'డైపర్' అంటారు.

మూడోది బాటిల్. లోపలి ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర అది చదరపు అంగుళానికి 740 పౌండ్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది, రేసర్లకు కావలసింది 900 నుంచి 1000. 36.4 డిగ్రీలు దాటితే లోపల ద్రవమన్నది మిగలదు, ఒత్తిడి అదుపులేకుండా పెరుగుతుంది. అందువల్ల ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాలు థర్మోస్టాట్ ఉన్న దుప్పటి రకం హీటర్‌ను మాత్రమే అనుమతిస్తాయి. గ్యాస్ టార్చి మంటతో బాటిల్‌ను కాచడం నిషిద్ధం, ఆ పని చేసి బాటిళ్లు పేల్చుకున్నవారు ఉన్నారు గనుకే ఆ నిషేధం. డ్రైవర్ కూర్చునే చోట బాటిల్ ఉంటే, ఒత్తిడి మించినప్పుడు వాయువు కారు బయటికి పోయేలా గొట్టం ఉండాలి. క్లాంపులతో, ప్లాస్టిక్ టైలతో కట్టిన బాటిల్‌ను తనిఖీలో తిప్పి పంపుతారు. మామూలు నూనె, గ్రీజు బాటిల్ కవాటానికి తగలనివ్వరాదు, అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌నిచ్చే పదార్థం పక్కన అవే ఇంధనమవుతాయి.

ఇన్ని చేసినా మంట వస్తే, మిగిలేది డ్రైవర్‌కు దొరికే సెకన్లు. అగ్నిరక్షక దుస్తులకు ఎస్‌ఎఫ్‌ఐ ఫౌండేషన్ ఇచ్చే శ్రేణులు ఆ సెకన్ల లెక్కే. 3.2ఎ/1 శ్రేణి సూటు చర్మం బొబ్బలెక్కేలోపు దాదాపు 3 సెకన్లు ఇస్తుంది, 3.2ఎ/5 శ్రేణి 10, 3.2ఎ/15 శ్రేణి 30, 3.2ఎ/20 శ్రేణి 40. ఒక్క పొర జాకెట్‌కూ పలు పొరల నోమెక్స్ (మంటను తట్టుకునే బట్ట) సూటుకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. ఈ దుస్తులు లేని కాలంలో, 1959లో, దక్షిణ కరోలినాలోని చెస్టర్‌లో ఇంజిన్ పేలి డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ చేతులు దారుణంగా కాలాయి. 1970లో లయన్స్ స్ట్రిప్‌లో ట్రాన్స్‌మిషన్ బద్దలై ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఇంజిన్‌ను డ్రైవర్ వెనక పెట్టి కొత్త డ్రాగ్‌స్టర్ కట్టాడు, 1971లో పొమోనాలో దానితోనే గెలిచాడు. కొద్ది ఏళ్లలో ఆ తరగతి మొత్తం ఆయన దారిలోకి వచ్చింది. 2008 జూన్‌లో ఇంగ్లిష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా ఫనీ కార్ ఇంజిన్ పేలి, మంటల్లో స్ట్రిప్ చివర దాటిపోయి ఆయన మరణించాడు. ఆ వెంటనే టాప్ ఫ్యూయెల్, ఫనీ కార్ పరుగును వెయ్యి అడుగులకు కుదించారు. ఇవి నైట్రోమీథేన్ కార్లు, నైట్రస్ కార్లు కావు. అయితే సూట్లు, నియమాలు, మంటలార్పే దళాల శిక్షణ అన్ని తరగతులకూ అందాయి.

వేగమైన తరగతుల లైసెన్సు కోరే డ్రైవర్ కళ్లకు గంతలు కట్టుకొని కాక్‌పిట్‌లోని మీటలన్నీ తాకి చూపాలి. పొగ కమ్మినప్పుడు పెట్రోలు ఆపే మీట, మంటలార్పే సీసా మీట, పారాచూట్ మీట కళ్లతో వెతికే వీలుండదు. బ్యాటరీ వెనక్కి మార్చిన కార్లకు వెనక వైపు బయట ఒక మాస్టర్ కటాఫ్ స్విచ్ ఉండాలి. నడుస్తున్న ఇంజిన్‌నైనా అది ఆపాలి. సేఫ్టీ మనిషి పరిగెత్తుకొచ్చి దాన్ని నొక్కితే పెట్రోలు పంపూ నైట్రస్ సోలినాయిడ్లూ ఒకేసారి చచ్చిపోతాయి. మంటకు మేత అక్కడితో ఆగుతుంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదో విశాఖ బీచ్ రోడ్డు మీదో నైట్రస్ బాటిల్ తెరవడం ఆ చట్టానికి విరుద్ధం. అక్కడ కటాఫ్ స్విచ్ నొక్కే మనిషి ఉండడు, నురుగు బండి ఉండదు, పక్కన స్కూటర్ మీద పోతున్న కుటుంబానికి నోమెక్స్ సూటు ఉండదు. ఈ వేగం మీద మనసుపడ్డ యువకులు కారు తనిఖీ, అగ్నిమాపక దళం, అంబులెన్సు ఉన్న, పద్ధతిగా నిర్వహించే పోటీకి వెళ్లండి. తనిఖీ అధికారి బాటిల్ బిగింపు చూసి వద్దంటే, ఆ రోజుకు పరుగు మానుకోండి.