సభాధ్యక్షుడి చీటీ ఎవరి దగ్గరికి పోతుంది?

ఉస్మానియా క్యాంపస్‌లో అయినా, తార్నాక హాళ్లలో అయినా సభ జరిగితే మైకు ఎవరికిచ్చారో అందరూ చూస్తారు. ముగించమని చీటీ ఎవరికి పంపారో మాత్రం రిపోర్టుల్లోకి ఎక్కదు. "టైం అయిపోయింది", "విషయంలోకి రండి", "భాష చూసుకోండి" అనేవి పైకి సభామర్యాదలే. అవి ఎవరి మీద ప్రయోగమవుతున్నాయన్నదే మా ప్రశ్న. సభ నడిపే తీరు కూడా రాజకీయమే. దాన్నీ విమర్శకు పెట్టాల్సిందే.

1936 నాటి లాహోర్ ఉదంతం చూడండి. జాత్-పాత్ తోడక్ మండల్ తన వార్షిక సభకు అంబేద్కర్‌ని అధ్యక్షుడిగా పిలిచింది. తీరా ఉపన్యాసం చూశాక, మతం గురించిన కొన్ని భాగాలు తీసెయ్యమంది. అవి రెచ్చగొట్టేలా ఉన్నాయంది, అప్రస్తుతమంది. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. చివరికి సభే రద్దయింది. మండల్ వాళ్లు సనాతనులు కారు, సంస్కర్తలు. కులం పోవాలన్నవాళ్లే, దాని వేరు ఎక్కడుందో చూపించేసరికి అది అప్రస్తుతమన్నారు.

అంబేద్కర్ ఏం చేశాడు? అదే ఏడాది ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1500 ప్రతులు అచ్చేశాడు. మండల్‌తో నడిచిన ఉత్తరాలు ముందు పెట్టాడు. 1937 ముద్రణలో తన మీద గాంధీ రాసిన విమర్శనీ, దానికి తన జవాబునీ చేర్చాడు. ఆయన తటస్థుడు కాడు, అలా నటించనూ లేదు. అయినా ప్రత్యర్థి మాట దాచలేదు. తటస్థత వేరు, న్యాయం వేరు.

ఈ కొలబద్ద మనకీ వర్తిస్తుంది. 1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా వాటా అడిగితే, "ఐక్యత దెబ్బతింటది, ఇప్పుడు కాదు" అన్నవాళ్లు మనలోనూ ఉన్నారు. వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024లో రాష్ట్రాలకు ఆ అధికారం ఉందంది. దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. వాదించాలి. "ఇప్పుడు కాదు" అనేది వాదం కాదు, అదీ చీటీయే. దళిత స్త్రీలు ఇంటి లోపలి మగ పెత్తనం గురించి నోరు విప్పితే అందేదీ ఇదే.

మరి సభ నడిచేదెట్లా? నియమాలు ముందే రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. అధ్యక్షస్థానం వంతుల వారీగా తిరగాలి. ఎవరి మాటైనా ఆపితే కారణం సభలోనే చెప్పి, రిజిస్టర్‌లో రాయాలి. ఆగిపోయిన మనిషికి సభను తిరిగి అడిగే హక్కుండాలి. పుట్టుకను పట్టుకుని అవమానించే మాటని అక్కడికక్కడే ఆపాలి. అవమానపడ్డవాడి కోపాన్ని అదే గాటన కట్టొద్దు.

ఇన్ని పెడితే సభ సాగదంటారు కొందరు. రూల్స్ లేని సభలో అధ్యక్షుడి ఇష్టమే రూలు. ఆ ఇష్టానికి కులముంటది, లింగముంటది.

1953లో అంబేద్కర్‌కి గౌరవ డాక్టరేటు ఇచ్చిన యూనివర్సిటీ ఇది. వచ్చే జయంతి సభలో దండలతో పాటు ఆ రిజిస్టర్ కూడా బల్ల మీద పెట్టమని నిర్వాహకుల్ని అడుగుతున్నాం.