రక్తం తూచే తరాజు

"మీరు తురకలు కదా, తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడతారు?" ఈ ప్రశ్న వినని వాళ్లు మనలో తక్కువ. అడిగేవాళ్లు మెచ్చుకోలుగానే అడుగుతారు. కానీ నువ్వు ఈ భాషకు చుట్టానివే తప్ప ఇంటివాడివి కాదనే తీర్పు అందులో ఉంటుంది.

ఆ తీర్పు ఎంతదూరం పోతుందో తెలియాలంటే శ్రీలంక వైపు చూడాలి. అక్కడి జనాభా లెక్కల్లో 'మూర్'లుగా నమోదయ్యే ముస్లింలలో ఎక్కువమంది ఇంటిభాష తమిళం. వీళ్లు జాతిరీత్యా తమిళులేనని 1888లో పొన్నంబలం రామనాథన్ ఒక వ్యాసంలో వాదించాడు. వినడానికి కలుపుకునే మాటే. అయితే తమిళం మాట్లాడేవాళ్ల తరఫున అప్పుడు శాసనమండలిలో కూర్చున్నది ఆయనే. ముస్లింలకు వేరే సభ్యుడు వచ్చింది 1889లో. 'మనమంతా ఒకటే' అన్నమాటలో 'నీ తరఫున కూడా నేనే మాట్లాడతాను' అన్నది దాగిలేదా?

1907లో ఐ.ఎల్.ఎం. అబ్దుల్ అజీజ్ దానికి జవాబు రాశాడు. మా మూలపురుషులు అరబ్బులన్నాడు. ఆయన కోపం న్యాయమైనదే, ఎంచుకున్న దారి కాదు. రామనాథన్ రక్తం తూచిన తరాజులోనే ఆయన ఇంకో రక్తం పెట్టాడు. తూర్పుతీరంలో పొలం దున్నుకుంటూ తమిళంలోనే బతికిన ముస్లిం రైతుకు ఆ తరాజులో చోటేది?

1956లో సింహళం ఒక్కటే అధికారభాష అయినప్పుడు ఆ రైతుకూ దెబ్బ తగిలింది. 1990 అక్టోబరులో ఎల్.టి.టి.ఇ. ఉత్తర ప్రాంతం నుంచి ముస్లింలందరినీ వెళ్లగొట్టింది. జాఫ్నాలో ఇచ్చిన గడువు రెండు గంటలు. పొమ్మన్నవాళ్ల భాషా, పోయినవాళ్ల భాషా తమిళమే.

ఇక్కడ అంత జరగలేదు, నిజమే. కానీ 'తెలుగువాళ్లు, ముస్లింలు' అని రెండుగా విడదీసి చెప్పడం మనకు కొత్తా? మనమూ తక్కువ తినలేదు. అరబ్బు, ఇరాన్ వంశాలు చెప్పుకునే ఎన్నో ఇళ్లలో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్లంటే ఇంకా చిన్నచూపే. బయటివాళ్లు మనల్ని తూచే తరాజునే మనం ఇంట్లో దాచుకున్నాం.

ఉర్దూ మాట్లాడే హైదరాబాదీ అయినా, తెలుగు తప్ప రాని నూర్‌బాషా అయినా ఈ నేలకు సమాన హక్కుదారే. ఆ హక్కు కోసం వంశవృక్షం చూపించక్కర్లేదు, భాషలో పరీక్ష రాయక్కర్లేదు. తెలుగు బాగా మాట్లాడతారే అని ఈసారి ఎవరైనా మెచ్చుకుంటే, మీరూ బాగానే మాట్లాడతారండీ అని చెబుదాం.