వెర్క్‌మైస్టర్ పంపకం

షడ్జమం నుంచి పంచమానికి, ఆ పంచమాన్నే షడ్జమంగా పట్టుకుని మళ్లీ దాని పంచమానికి వెళ్తూ 3:2 నిష్పత్తిలో పన్నెండు మెట్లు ఎక్కితే, ఏడు స్థాయిల పైన మొదటి స్వరమే పలకాలి. పలకదు. సుమారు 23.5 సెంట్లు పైకి పోతుంది (స్థాయిని 1200 భాగాలు చేస్తే ఒక్కో భాగం సెంటు). పైథాగరస్ కామా అనే ఈ మిగులును ఆర్గన్, హార్ప్సికార్డ్ వంటి మీటల వాద్యాల్లో ఎక్కడో ఒకచోట సర్దాల్సిందే. ఆ సర్దుబాటే టెంపరమెంట్.

ఇది అన్నదమ్ములు తండ్రి అప్పు పంచుకోవడం లాంటిది. ఏ పంచమం ఎంత మోసిందో చూస్తే టెంపరమెంట్ ఏ తరగతిదో తెలిసిపోతుంది. పన్నెండూ తలా దాదాపు 2 సెంట్లు తగ్గితే ఈక్వల్ టెంపరమెంట్. నేటి పియానో శ్రుతి ఇదే. అంతర గాంధారం 5:4గా శుద్ధంగా పలకాలని పదకొండు పంచమాలను తలా 5.4 సెంట్లు తగ్గిస్తే క్వార్టర్ కామా మీన్‌టోన్. ఇక్కడ పావు వంతు కోసేది వేరే కామా: 81:80, అంటే 21.5 సెంట్లు. పదకొండూ అవసరానికి మించి కట్టేయడంతో పన్నెండోది 702 నుంచి 738 సెంట్లకు ఉబ్బుతుంది. దాని ఊళ విని 'తోడేలు' అన్నారు.

జర్మన్ ఆర్గన్ విద్వాంసుడు ఆండ్రియాస్ వెర్క్‌మైస్టర్ 1691లో చేసిన పంపకం చూడండి. దీన్ని 'వెర్క్‌మైస్టర్ 3' అంటారు. ఆయన కొలత పట్టీ మీద 1 శుద్ధశ్రుతిది, 2 మీన్‌టోన్‌ది. సి–జి, జి–డి, డి–ఎ, బి–ఎఫ్ షార్ప్: ఈ నాలుగు పంచమాలే పైథాగరస్ కామాలో తలా పావు వంతు మోస్తాయి. మిగతా ఎనిమిదీ శుద్ధం. తోడేలు లేదు.

నేర్పంతా ఆ నాలుగోదాన్ని ఉంచిన చోట ఉంది. వరసలో తర్వాతిదైన ఎ–ఇకే కోత పెడితే సి–ఇ గాంధారం 384కు దిగి, శుద్ధమైన 386 కన్నా ఇరుకయ్యేది; ఇ, బిల మీది గాంధారాలు కరకుగా 408 దగ్గరే ఉండిపోయేవి. రెండు మెట్లు దాటించి బి–ఎఫ్ షార్ప్ మీద వేయడంతో సి–ఇ 390 దగ్గర నిలిచింది, ఆ రెండూ 402కు మెత్తబడ్డాయి. పైగా, శుద్ధమైన ఎనిమిది పంచమాలనూ అల కొట్టుకోకుండా చెవితోనే బిగించవచ్చు. లెక్కపెట్టి తగ్గించాల్సినవి నాలుగే.