ఉక్కు మింటి కింద: ముందుమాట

తెలుగులో ‘అంతస్తు’ అన్న మాట రెండర్థాలను ఒక్కచోట మోస్తున్నది. మేడలో ఒకదానిమీద ఒకటిగా లేచే వరుసలూ అంతస్తులే, సంఘంలో మనిషికి దక్కే స్థాయీ అంతస్తే. పైకి వెళ్లినకొద్దీ గౌరవం హెచ్చుతుందన్న లోకానుభవమే ఆ రెంటినీ ఒక్క మాటలో నిలిపింది. 1994లో ఇంగ్లండులో వెలువడిన ‘బెనీత్ ఎ స్టీల్ స్కై’ అనే కంప్యూటర్ క్రీడ ఈ అనుభవాన్ని సమూలంగా తలకిందులు చేస్తుంది. అందులోని యూనియన్ సిటీలో కర్మాగారాలూ, తుప్పూ, శ్రామికజనమూ పై అంతస్తుల్లో ఉండగా, సంపన్నుల ఉద్యానవనం ఆ కల్మషం సోకని అడుగుభాగాన, నేలమీద విలసిల్లుతుంది. కథానాయకుడు దిగుతున్నకొద్దీ ఎదుటివారి వేషభాషలూ, వారు అతని వంక చూసే చూపూ మారిపోతాయి. ఈ ఒక్క కల్పన చాలు, ఈ కృతిని విద్వాంసులు సావధానంగా పరిశీలించడానికి.

ఆ నాయకుని పేరు రాబర్ట్ ఫాస్టర్. ఆస్ట్రేలియా మరుభూమిలో కూలిన విమానంనుంచి పసితనంలో ప్రాణాలతో మిగిలి, అక్కడి ప్రజల చేతుల్లో పెరిగినవాడు. కన్నవారి ఊసు తెలియని ఆ బాలునికి ఇంటిపేరుగా దక్కినది ఒక బీరు డబ్బా మీది పేరు. వంశవృక్షాలనూ గోత్రనామాలనూ పరిశోధిస్తూ జీవితాన్ని గడిపిన నాకు ఈ ఘట్టం దగ్గర మనసు చెమ్మగిల్లింది. పారేసిన సామగ్రితో అతడు నిర్మించుకున్న యంత్రమిత్రుడు జోయీయే అతని బంధుకోటి. యూనియన్ సిటీ భటులు వచ్చి అతన్ని ఎత్తుకుపోతారు. వారి హెలికాప్టర్ నగరంలోనే కూలుతుంది. నగరాన్ని ఏలే లింక్ అనే యంత్రమేధకూ అతనికీ ఉన్న సంబంధమేమిటన్నదే తక్కిన కథ.

కృతికీ వంశం ఉంది. 1976లో విల్ క్రౌథర్ కేవలం అక్షరాలతో సృష్టించిన గుహాసంచారం మూలపురుషస్థానంలో నిలుస్తుంది. 1980లో ‘మిస్టరీ హౌస్’ దానికి బొమ్మను జోడించింది. 1987లో ‘మేనియాక్ మాన్షన్’ క్రియాపదాలను తెరమీద పేర్చి, టైపు చేసే శ్రమను తొలగించి, వాటిలోంచి ఎంచుకునే సౌలభ్యం కల్పించింది. ‘బెనీత్ ఎ స్టీల్ స్కై’ ఆ క్రియలను రెండింటికి కుదించింది: మౌస్ ఎడమ మీట నొక్కితే చూడటం, కుడి మీట నొక్కితే చెయ్యటం. ఈ పొదుపు సామాన్యమైనది కాదు. చూడనివాడు ఈ నగరంలో ఒక్క అడుగు ముందుకు వేయలేడు.

చార్లెస్ సెసిల్ ప్రభృతులు 1990లో హల్ నగరంలో స్థాపించిన రెవల్యూషన్ సంస్థ ఈ కృతికి జన్మస్థానం. తాము కల్పించిన యంత్రాంగానికి వారు ‘వర్చువల్ థియేటర్’ అని నామకరణం చేశారు. ఆ నాటకశాల అన్న పేరు అన్వర్థమని నేను నిస్సంశయంగా చెబుతాను. మన రంగస్థలం మీద పని లేని పాత్ర తెర వెనక్కి వెళ్లి, తన వంతు వచ్చేదాకా ఉనికి లేకుండా నిలిచిపోతుంది. ఇక్కడ ఆ తెర లేదు. మనం ఒక మూల నిలబడి ఆలోచిస్తూ ఉంటే, తక్కిన పాత్రలు తమ దారిన తాము నడుస్తూ, తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. ప్రేక్షకుని కోసం ఆగని లోకాన్ని చూసిన అనుభూతి కలుగుతుంది.

దృశ్యరచన చేసినవాడు ‘వాచ్‌మెన్’ చిత్రకథతో లబ్ధప్రతిష్ఠుడైన డేవ్ గిబ్బన్స్. ఆయన పెన్సిలుతో గీసిన రేఖలకు ఇతర చిత్రకారులు రంగులద్దారు. అమీగా కంప్యూటర్ కోసం ఆ శ్రమనంతటినీ 15 ఫ్లాపీల్లో సర్దవలసివచ్చింది. తాళపత్రాలకు చెదలు ఎటువంటివో, ఫ్లాపీలకు కాలం అటువంటిది. ఆ యంత్రాలు మూలపడితే వాటి మీది కథలూ మూలపడతాయి. అటువంటి ఆపద నుంచి దీనిని కాపాడినవారు స్కమ్‌విఎం అనే స్వచ్ఛందసేవకుల బృందం. రెవల్యూషన్ వారు మూలసంకేతాన్ని వారి చేతికిచ్చి, 2003లో ఈ క్రీడను ఉచితంగా లోకానికి అర్పించారు. కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులు రాయించిన బ్రౌనుదొరను తలచుకునే జాతివారం మనం; ఈ సేవ విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఈ గ్రంథకర్త్రి. నా శిష్యుని కుమార్తె. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, నాలుగేళ్ల రాత్రులు వెచ్చించి, ప్రతి గదినీ, ప్రతి సంభాషణనూ నోటుపుస్తకాల్లోకి ఎక్కించి ఈ వ్యాఖ్యానం కూర్చింది. ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చి, తొలి దృశ్యాన్ని నా చేత ఆడించింది. ఎత్తైన నడవ మీద ఫాస్టర్ నిలబడి ఉన్నాడు, తలుపు బిగిసి ఉంది. ‘మెట్లు చూడండి తాతగారూ’ అన్నది. చూశాను, ఒక ఇనుప కమ్మీ వదులుగా ఉంది. దానిని ఊడబెరికి తలుపు సందులో దూర్చితే తెరుచుకున్నది. ఆయుధం లేనివానికి అతని కన్నే ఆధారమని ఆమె మొదటి అధ్యాయంలో ప్రతిపాదించిన సిద్ధాంతం నాకు ఆ క్షణాన ప్రత్యక్షమయింది.

క్రీడ పేరును తెనిగించేటప్పుడు ఆమె నా సలహా అడిగింది. ‘లోహగగనం’ అన్నాను. రెండు రోజుల తరువాత ‘ఉక్కు మింటి కింద’ అని రాసి చూపింది. ఉక్కు, మిన్ను రెండూ అచ్చతెలుగు మాటలు, ఒకదాని బరువు మరొకటి మోస్తున్నది. నా సమాసాన్ని వెంటనే ఉపసంహరించుకున్నాను.

పాఠకులకు ఒక్క మనవి. లింక్ గర్భంలో ఫాస్టర్‌కు ఎదురయ్యేది ఎవరో ఆరవ అధ్యాయం దాచకుండా చెబుతుంది. తక్కిన పుస్తకాన్ని ఏ క్రమంలోనైనా చదవండి. ఆ అధ్యాయాన్ని మాత్రం, క్రీడను స్వయంగా చివరిదాకా ఆడి, అక్కడ ఫాస్టర్‌తో పాటు నిలబడిన తరువాతనే తెరవండి.